కుక్క నేల, గోడ, సోఫా నాకుతుంటే ఎలా మాన్పించాలి?

“మా కుక్క పొద్దస్తమానం నేల నాకుతోంది, ఏం చేయాలి?” కుక్కలు పెంచేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. నేల కాకపోతే సోఫా చెయ్యి, అదీ కాకపోతే గోడ మూల, పరుపు, కిటికీ అద్దం. దాంతోపాటే ఇంకో మాట కూడా వస్తుంది: “అరిచాం, నాకే చోట చేదు స్ప్రే కొట్టాం, ఏదీ పనిచేయలేదండీ.”

పనిచేయకపోవడంలో వింత లేదు. వికారంగా ఉన్న కుక్క, ఏమీ తోచని కుక్క, మీ చూపు తనమీద పడాలనుకునే కుక్క మూడూ నేలనే నాకుతాయి. చూడటానికి ఒకేలా ఉంటుంది కానీ మూడింటికీ మందు వేరు. కాబట్టి ముందు మీది ఏ రకం కుక్కో తేల్చుకోవాలి. దానికి ఖరీదైన సరుకేమీ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్కూ, వారం రోజుల ఓపికా చాలు. చాలామంది ఈ ఒక్క పనీ వదిలేసి మిగతావన్నీ చేస్తారు.

ఎంత నాకితే ఎక్కువ?

తిండి గిన్నె చుట్టూ నాకడం, ఏదైనా ఒలికిన చోట నాలుగు సార్లు నాకి వెళ్లిపోవడం, ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే వాసన చూసి ఓసారి నాలుక తగిలించడం, ఇవన్నీ మామూలే. పిల్లకుక్కలైతే మరీను. వీటికి టెన్షన్ పడకండి.

పట్టించుకోవాల్సింది ఎప్పుడంటే: ఏమీ అంటని చోట కూడా నిమిషాల తరబడి నాకుతున్నప్పుడు, పిలిస్తే ఆగి మీరు తల తిప్పగానే మళ్లీ మొదలుపెడుతున్నప్పుడు, ఇది దాదాపు రోజూ జరుగుతున్నప్పుడు. పాదాలో, తోక మొదలో, అంటే తన ఒంటినే నాక్కుంటూ ఉంటే అది వేరే సంగతి. దానికి చర్మం, అలర్జీ, కీళ్ల నొప్పి వైపు చూడాలి. ఈ పద్ధతి దానికి కాదు.

ముందు ఇది చదవండి: ఆగకూడని సందర్భాలు

కింది వాటిలో ఏది కనిపించినా నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే వెట్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

- ఉన్నట్టుండి ఆత్రంగా నాకుతూ, పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తోంది. ఇది జీర్ణాశయం మెలితిరగడం కావచ్చు. పెద్ద జాతి, లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో ఎక్కువ. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. రాత్రయినా, సెలవైనా ఆగొద్దు.
- నాకుతూ నాకుతూ కార్పెట్ పీచు, దుప్పటి దారాలు మింగింది, ఆ తర్వాత తిండి మానేసింది లేదా వాంతులు మొదలయ్యాయి.
- నేల తుడిచిన మందు, ఇంజిన్ కూలెంట్, ఎలుకల మందు, మీరు రాసుకునే నొప్పుల ఆయింట్‌మెంట్ లాంటివి నాకిందని అనుమానం. కొన్ని కూలెంట్లు తియ్యగా ఉంటాయి కాబట్టి కుక్కలు ఇష్టంగా నాకుతాయి. కొద్దిగా నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. సీసా లేదా ప్యాకెట్ చేత్తో పట్టుకుని వెళ్లండి.
- నాకుతున్నప్పుడు పిలిస్తే అసలు వినిపించనట్టే ఉంది, చూపు ఎటో ఉంది, ముఖమో కాలో అదురుతోంది. మూర్ఛలో ఒక రకం ఇలా కనిపించవచ్చు. భయపడకుండా ముందు వీడియో తీయండి, అది డాక్టర్‌కి చాలా పనికొస్తుంది.

కావలసినవి

- నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు, కానీ ఇంట్లో అందరి చేతికీ అందేలా ఉండాలి. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితమే అన్నిటికంటే బాగా పనిచేసింది.
- వీడియో తీయడానికి ఫోన్
- బఠాణీ గింజంత చిన్న తాయిలాలు
- పెంపుడు జంతువుల మరకలకు వాడే ఎంజైమ్ క్లీనర్
- తేలికైన లీష్, సుమారు 2 మీటర్లది
- కుక్క పడుకునే చాప లేదా చిన్న పరుపు, ఇంట్లో ఎక్కడికైనా జరపగలిగేది
- లిక్ మ్యాట్ (తిండి పులిమి కుక్క చేత నాకించే గరుకు పలక) లేదా లోపల తిండి దట్టించే రబ్బరు బొమ్మ
- దారి అడ్డుకోవడానికి గేటు. లేకపోతే కుర్చీలు, అట్టపెట్టెలు ఏవైనా
- చేదు స్ప్రే. ఇది ఉండి తీరాలనేమీ లేదు, ఎందుకో చివర్లో చెబుతాను.

ఎలా చేయాలి

1. వారం రోజులు ఏమీ మార్చకుండా రాయండి

ఈ వారం కుక్కని ఆపాలని ప్రయత్నించకండి. ప్రమాదమైనవి అందకుండా చూసి, మిగతాదంతా రాయండి. ప్రతిసారీ ఐదు విషయాలు: ఎన్నింటికి, ఎక్కడ, ఎంతసేపు, దానికి ముందు ఏం జరిగింది, అప్పుడు మీరేం చేశారు. ఇలా ఉంటే చాలు:

“రాత్రి 11:20. హాల్లో చెప్పుల స్టాండ్ పక్క గోడ. 4 నిమిషాలు. తిండి తిని 5 గంటలైంది. పిలిస్తే వచ్చింది, మళ్లీ వెళ్లింది.”

“మధ్యాహ్నం 3:05. సోఫా ఎడమ చెయ్యి. 2 నిమిషాలు. నేను ఫోన్‌లో ఉన్నాను. ‘వద్దు’ అన్నాను, తోక ఊపింది.”

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏం చేస్తోందో కూడా తెలియాలి. పాత ఫోన్‌ని ఒక మూల నిలబెట్టి రెండు మూడు సార్లు రికార్డు చేయండి.

వారం తర్వాత ఆ పేజీలన్నీ ఒకేసారి ముందు పరుచుకుని చదవండి. ఇలా అర్థం చేసుకోవచ్చు:

ఎప్పుడూ ఒకే చోటైతే, ఆ చోట ఏదో ఉంది. ఒలికిన నూనె, పాత మూత్రం, చేతుల చెమట ఉప్పు, లోషన్ జిడ్డు. ఇలాంటి కుక్క ఆ చోటు లేని గదిలో మామూలుగా ఉంటుంది. మీరు 3వ అడుగు మీద దృష్టి పెట్టండి.

చోటు మారినా వేళ మారకపోతే, పొట్టని అనుమానించండి. తిన్న అరగంటకో, పొట్ట ఖాళీ అయ్యే అర్ధరాత్రికో, తెల్లవారుజామునో నాకుతుంటే మరీను. 2వ అడుగు వదిలేయొద్దు.

మీరు గదిలో ఉండి దాన్ని పట్టించుకోనప్పుడే జరిగి, మీరు పలకగానే తోక ఊపుతూ మీ వైపు చూస్తే, అది మిమ్మల్ని పిలుస్తోంది. 6, 7 అడుగులు మీకోసమే.

మీరు బయటికి వెళ్లిన పది నిమిషాల్లోనే మొదలై, మధ్యలో తలుపు దగ్గరికి తిరుగుతూ, ఏడుస్తూ ఉంటే అది ఒంటరితనపు భయం. దాన్ని నాకకుండా ఆపితే తలుపు గీరుతుంది, అంతే తేడా. డాక్టర్ సాయంతో ఆ భయానికే చికిత్స చేయించాలి.

వేడి రోజుల్లో, పరుగెత్తి వచ్చాక చల్లటి నేల నాకుతుంటే నీళ్ల గిన్నె ఎక్కడుందో చూడండి. ఇంకో గిన్నె పెట్టి చూస్తే ఒక్కోసారి సమస్య అక్కడితో సరి. ఇంత తేలిగ్గా తీరిపోయినప్పుడు మనసు కాస్త చిన్నబుచ్చుకుంటుంది కానీ, మంచిదే కదా.

మా కుక్క సంగతి చెబుతాను. రోజూ చెప్పుల స్టాండ్ పక్క గోడ నాకేది. చెప్పుల వాసన అనుకుని స్టాండ్ జరిపాను, గోడ కడిగాను, చివరికి రంగు కూడా వేయించాను. అది ఎదుటి గోడకి మారింది! అప్పుడు రాయడం మొదలుపెడితే తేలింది ఏమిటంటే, తొమ్మిది రోజుల్లో ఒక్కసారి తప్ప అన్నీ రాత్రి 11 నుంచి 1 మధ్యే. సాయంత్రం 6కి తిండి పెట్టి ఊరుకునేవాళ్లం. గోడ పాపం ఏమీ లేదు.

2. డాక్టర్‌కి చూపించండి, ఖాళీ చేతులతో వెళ్లకండి

నేల, గోడ నాకడాన్ని చాలామంది ఉత్త అలవాటుగా తీసుకుంటారు. 2012లో అచ్చయిన ఒక పరిశీలన దీన్ని తలకిందులు చేసింది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పశువైద్యులు ఇలా అదేపనిగా నాకే 19 కుక్కల్ని పూర్తిగా పరీక్షిస్తే, 14 కుక్కల్లో జీర్ణవ్యవస్థకి సంబంధించిన జబ్బు బయటపడింది. పేగుల్లో వాపు, తిండి పొట్టలోంచి ఆలస్యంగా కిందికి దిగడం, క్లోమగ్రంథి వాపు, జియార్డియా అనే పరాన్నజీవి, ఒకదాని పొట్టలో మింగిన వస్తువు. చికిత్స చేసిన 17 కుక్కల్లో 9 నాకడం పూర్తిగా మానేశాయి. చిన్న పరిశీలనే, నిజమే. కానీ శిక్షణ మొదలుపెట్టే ముందు పొట్ట చూపించాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

వికారం ఉన్న కుక్క ఇంకా ఇలా చేస్తుంది: ఊరికే గుటకలు వేస్తుంది, పెదవులు చప్పరిస్తుంది, చొంగ కారుస్తుంది, బయటికి వెళ్లగానే ఆబగా గడ్డి తింటుంది, తెల్లవారుజామున పచ్చటి పసరు కక్కుతుంది. ఇవి కనిపిస్తే నోట్‌బుక్‌లో అదే వరుసలో రాయండి.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సినవి: నోట్‌బుక్, రెండు వీడియోలు, తిండి ప్యాకెట్ ఫోటో, తాయిలాలతో సహా రోజూ తినేవాటి పట్టిక, వాడుతున్న మందుల పేర్లు, ఆ రోజు మలం నమూనా. మందుల పేర్లు ఎందుకంటే స్టెరాయిడ్లు, మూర్ఛకి ఇచ్చే ఫినోబార్బిటాల్ లాంటివి ఆకలిని బాగా పెంచుతాయి. అలాంటి కుక్క తిండి వాసన తగిలిన ప్రతిచోటా నాకుతుంది.

పళ్లు, చిగుళ్లు కూడా చూడమని మీరే అడగండి. నేను మొదట వెళ్లిన చోట దాని నోరు తెరిచి కూడా చూడకుండా “అలవాటండీ, అదే పోతుంది” అని పంపేశారు. రెండోసారి వేరేచోటికి వీడియోలు తీసుకెళ్తే అరగంట కూర్చుని చూశారు. మనం ఏం పట్టుకెళ్తామన్నదాన్ని బట్టి కూడా డాక్టర్ శ్రద్ధ మారుతుంది, ఏం చేస్తాం.

హెచ్చరిక: మీరు వాడే గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర కుక్కకి సొంతంగా ఇవ్వకండి. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కుక్కలకి విషం కాగలవు.

తిండి మార్చి చూడమని డాక్టర్ చెబితే, ఆ రోజుల్లో వేరే తాయిలం ఒక్కటి కూడా ఇవ్వకూడదు. ఇంట్లో ఎవరో ఒకరు జాలిపడి పెట్టే ఒక్క ముక్కతో మొత్తం పరీక్ష పాడైపోతుంది. శిక్షణకి కూడా అదే కొత్త తిండి గింజలు వాడండి.

3. నాకే చోటుని వాసన లేకుండా కడగండి

మన కంటికి శుభ్రంగా కనిపించేది కుక్క ముక్కుకి కాదు. మామూలు సబ్బుతో పైమరక పోతుంది, వాసన మిగులుతుంది. ముందు గోరువెచ్చటి నీళ్లతో జిడ్డు తుడిచేయండి. తర్వాత ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా వదిలేయండి. చాలామంది పోసిన వెంటనే తుడిచేస్తారు. అలా చేస్తే ఎంజైమ్‌కి పనిచేసే సమయమే ఉండదు. చివర్లో మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే కుక్కని రానివ్వండి.

ఎంజైమ్ క్లీనర్ దొరక్కపోతే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి వాడొచ్చు. పాలరాయి లాంటి సహజమైన రాతి నేల మీద మాత్రం వద్దు, మెరుపు పోతుంది. ఇంకో ముఖ్యమైన విషయం: బ్లీచ్‌తో వెనిగర్ గానీ అమ్మోనియా గానీ ఎప్పుడూ కలపకండి. వచ్చే వాయువు మీ ఊపిరితిత్తులకీ కుక్క ఊపిరితిత్తులకీ ప్రమాదం. అమ్మోనియా ఉన్న క్లీనర్ అసలు వాడకపోవడమే మేలు, ఆ వాసన మూత్రం వాసనలా ఉండి కుక్కని మళ్లీ అక్కడికే పిలుస్తుంది.

నేల తుడిచే మందుల మీద ఒక కన్నేయండి. ఫినాల్ ఉన్నవి, బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి క్రిమిసంహారకాలు ఉన్నవి చిక్కగా వాడి కడగకుండా వదిలేస్తే నాలుక మీద, నోట్లో పుండ్లు పడతాయి. నోరు మండుతున్న కుక్క చొంగ కారుస్తుంది, చప్పరిస్తుంది. మనం అది ఇంకా నాకుతోందని ఇంకా గట్టిగా అదే మందుతో తుడుస్తాం! లేబుల్ మీద చెప్పినంత నీళ్లు కలపండి, తర్వాత మంచినీళ్లతో ఇంకోసారి తుడవండి.

సోఫా, పరుపు కవర్లు విప్పి ఉతకండి. గోడ అయితే దగ్గరగా చూడండి: రంగు పెచ్చులుగా లేస్తోందా, బూజు ఉందా? పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, నాకితే ఒంట్లోకి పోతుంది. అలాంటి గోడని మీరు గీకకండి, ఆ పొడి ఇంకా ప్రమాదం. తెలిసినవాళ్లని పిలిపించండి, అప్పటిదాకా అటు పోనివ్వకండి. సున్నం, మట్టి వెతుక్కుని మరీ నాకుతుంటే రక్తహీనత ఉందేమో డాక్టర్‌ని అడగండి.

4. దారి మూయండి

అలవాటు రోజూ సాధన చేస్తే బలపడుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు వారాలు ఆ చోటు దొరక్కుండా చేయండి. గేటు పెట్టండి, సోఫా మీద ఉతికిన మందపాటి దుప్పటి కప్పండి, తలుపు వేయండి. మీరు ఇంట్లో ఉన్నప్పుడు లీష్ కట్టి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఒంటరిగా వదిలేటప్పుడు మాత్రం లీష్ విప్పేయండి, ఎక్కడో చిక్కుకుంటే మెడకి ఉరి బిగుస్తుంది.

5. తిండి వేళలు మార్చండి, నాలుకకి పని చెప్పండి

రోజు మొత్తం తిండి పెంచకుండా దాన్నే మూడు నాలుగు భాగాలు చేయండి. రాత్రి నాకే కుక్కకి ఆఖరి భాగం పడుకునే ముందు పెట్టండి. మాది 6 గంటల తిండిలో సగం 10కి మార్చిన నాలుగో రోజుకే సగానికి సగం తగ్గింది. మిగతా సగానికి డాక్టర్ మందు కావలసి వచ్చింది, అది వేరే మాట. కుక్కకి చక్కెర జబ్బు లాంటిది ఉంటే అడగకుండా వేళలు మార్చొద్దు.

నడకలో పరుగులు పెట్టించడం కంటే వాసన చూడనివ్వడం మంచి పని. ఇరవై నిమిషాలు ప్రతి పొదనీ తీరిగ్గా మూచూసిన కుక్క ఇంటికొచ్చి పడుకుంటుంది. మనకి విసుగే, దానికి అది పేపర్ చదవడం లాంటిది.

నాకడం చాలా కుక్కలకి మనసు నెమ్మదించే పని. దాన్ని పూర్తిగా తీసేయడం కంటే నాకదగ్గ వస్తువు చేతికివ్వడం తేలిక. లిక్ మ్యాట్ మీద నానబెట్టిన దాని తిండో, ఉడికించి మెత్తగా చేసిన గుమ్మడికాయో పులిమి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇవ్వండి. ఉప్పు, చక్కెర, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. పీనట్ బటర్ వాడితే డబ్బా మీద జైలిటాల్ అని ఉందేమో చదవండి. చక్కెర లేని తినుబండారాల్లో, చూయింగ్ గమ్‌లో వాడే ఈ తీపి పదార్థం కుక్కల రక్తంలో చక్కెరని ప్రమాదకరంగా పడేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు.

మ్యాట్ ఎప్పుడు ఇవ్వాలన్నది దాంట్లో ఏం పెట్టామన్నదాని కంటే ముఖ్యం. నోట్‌బుక్‌లో నాకే వేళ 9:30 అని ఉంటే 9:15కే ఇవ్వండి. నాకడం మొదలుపెట్టాక ఇచ్చారో, “గోడ నాకితే మ్యాట్ వస్తుంది” అని అది రెండు రోజుల్లో నేర్చుకుంటుంది. తాయిలాలు, మ్యాట్ అన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

6. “వదిలేయ్” నేర్పండి

ఇది గోడ దగ్గర మొదలుపెట్టే పాఠం కాదు. ప్రశాంతంగా ఉన్న గదిలో, రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి 3 నుంచి 5 నిమిషాలు.

మొదట గుప్పిట్లో ఒక తాయిలం దాచి కుక్క ముందు పెట్టండి. అది నాకుతుంది, గీరుతుంది, మూతితో పొడుస్తుంది. మీరు ఏమీ అనకండి. ఒక్క క్షణం వెనక్కి తగ్గగానే “శభాష్” అని రెండో చేత్తో వేరే తాయిలం ఇవ్వండి. గుప్పిట్లోది ఎప్పటికీ ఇవ్వకండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

గుప్పిట చూడగానే వెనక్కి తగ్గడం అలవాటయ్యాక మాట చేర్చండి: “వదిలేయ్”. ఒక్కసారే, మామూలు గొంతుతో. తర్వాత తెరిచిన అరచేయి. తర్వాత నేల మీద తాయిలం, అది దూకితే మీ పాదంతో మూసేయండి. పదింటికి ఎనిమిదిసార్లు సరిగ్గా చేస్తేనే తర్వాతి మెట్టు. చివర్లో లీష్ కట్టి, అది నాకే చోటుకి రెండు మీటర్ల దూరంలో మొదలుపెట్టి కొంచెం కొంచెం దగ్గరికి జరపండి.

ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు “వదిలేయ్”, ఒకరు “నో”, ఒకరు “ఏయ్” అంటే కుక్క మూడూ వదిలేస్తుంది.

7. ఆపాక ఎక్కడికి వెళ్లాలో చెప్పండి

“వదిలేయ్” అంటే ఏం చేయకూడదో తెలుస్తుంది. ఏం చేయాలో కూడా చెప్పాలి. చాపని దాని జాగాగా అలవాటు చేయండి: తనంతట తాను ఎక్కి పడుకున్నప్పుడల్లా చప్పుడు చేయకుండా ఒక తాయిలం కాళ్ల మధ్య పెట్టి వెళ్లిపోండి. ఇలా రోజుకి పదిసార్లయినా.

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. కుక్క గోడ నాకుతుంది, మీరు పిలుస్తారు, అది వస్తుంది, తాయిలం ఇస్తారు. నాలుగు రోజులకి నాకడం ఎక్కువవుతుంది. ఎందుకంటే కుక్క లెక్కలో వరుస ఇది: నాకడం, పిలుపు, తాయిలం. ఈ గొలుసు తెగాలంటే మూడు పనులు చేయండి. ఒకటి, నాలుక గోడకి తగలకముందే, అటు నడుస్తున్నప్పుడే పిలవండి. రెండు, పట్టుకోవడం ఆలస్యమైతే “వదిలేయ్” అని చాప మీదికి పంపి, అక్కడ ఒక నిమిషమైనా పడుకున్నాకే ఇవ్వండి. మూడు, అసలు నాకని సమయాల్లో ఎక్కువ తాయిలాలు ఇవ్వండి. సాయంత్రానికి లెక్కేస్తే నాకి ఆగినందుకు ఇచ్చిన వాటికంటే ఊరికే బుద్ధిగా ఉన్నందుకు ఇచ్చినవి చాలా ఎక్కువ ఉండాలి.

మీ దృష్టి కోసమే నాకే కుక్క అయితే, నేల సురక్షితమైనదైనప్పుడు పూర్తిగా పట్టించుకోకండి. చూడకండి, మాట్లాడకండి, నవ్వకండి. ఆపిన కొన్ని క్షణాలకి పలకరించండి. మొదటి రోజుల్లో ఇంకా ఎక్కువ నాకుతుంది. ఇంతకుముందు పలికే తలుపు పలకడం లేదని గట్టిగా తడుతోందన్నమాట. అక్కడ తట్టుకోలేక ఒక్కసారి “అబ్బా, చాలు!” అన్నారంటే, ఇంతసేపు నాకితేనే పలుకుతారని నేర్పినట్టే.

8. చేదు స్ప్రే వాడితే ఇలా వాడండి

దీన్ని చివర పెట్టడానికి కారణం ఉంది. అది ఆ చోటుని మాత్రమే చేదు చేస్తుంది, నాకాలన్న తపన అలాగే ఉంటుంది. వికారంగా ఉన్న కుక్క పక్క టైలు మీదికి మారుతుంది. కారణం కనిపెట్టి సరిచేశాక, పాత అలవాటుగా ఇంకా ఆ మూలకి వెళ్తుంటే అప్పుడు పనికొస్తుంది.

ముందు చిన్న గుడ్డ మీద కొట్టి వాసన చూపించండి. కొన్ని కుక్కలకి ఆ రుచి నచ్చుతుంది కూడా, అలాంటప్పుడు సీసా పక్కన పడేయండి. సోఫా బట్ట మీద కనపడని చోట మరక పడుతుందేమో పరీక్షించండి. రోజూ కొట్టాలి, రెండు మూడు వారాలు. కారం, మిరియాల పొడి చల్లొద్దు, కళ్లూ ముక్కూ మండిపోతాయి. టీ ట్రీ లాంటి సుగంధ తైలాలు కూడా వద్దు, నాకితే విషం.

ఇంకొన్ని పొరపాట్లు

కొట్టడం, మూతి పట్టి నేలకి రుద్దడం. కంగారుతో నాకే కుక్కకి ఇంకో కంగారు చేర్చడమే అవుతుంది. మీరు లేనప్పుడు దాచుకుని నాకడం నేర్చుకుంటుంది.

అన్నీ ఒకే రోజు మార్చేయడం. తిండి, క్లీనర్, నడక, మందు నాలుగూ సోమవారమే మారిస్తే, తగ్గినా ఏది పనిచేసిందో తెలియదు. కడగడం, దారి మూయడం ఒకేసారి చేయొచ్చు. తిండికి సంబంధించినవి ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి కనీసం వారం.

మూతికి బుట్ట కట్టి రోజంతా వదిలేయడం. కుక్క నోరు తెరిచి ఒగర్చలేకపోతే ఒళ్లు వేడెక్కిపోతుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

“కొంచెం తగ్గినట్టే ఉంది” అన్నది లెక్క కాదు. మొదటి వారం మొత్తం నిమిషాలు కూడండి. ప్రతి వారం అదే కూడిక. ఉదాహరణకి మొదటి వారం 95 నిమిషాలు, మూడో వారం 60, ఐదో వారం 30 అయితే సరైన దారిలో ఉన్నట్టే, మధ్యలో ఒకరోజు చెడ్డగా గడిచినా. ఎన్నిసార్లు అన్నదే కాకుండా ఎంతసేపు అన్నదీ చూడండి. చాలాసార్లు మొదట తగ్గేది నిమిషాలే.

మూడో వారంలో ఒక పరీక్ష పెట్టండి: గేటు తీసి, ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి, పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. వాసన చూసి వెళ్లిపోతే చాలా బాగుంది. నాలుగు నాకులు నాకి తనే చాప మీదికి వెళ్లినా బాగున్నట్టే. తిన్నగా వెళ్లి నిలబడి నాకితే గేటు మళ్లీ పెట్టేయండి, ఇంకో రెండు వారాలు.

గోడ మానేసి పాదాలు నాక్కోవడం మొదలుపెడితే తగ్గినట్టు కాదు, చోటు మారింది. నోట్‌బుక్‌లో అది కూడా కలిపే లెక్కవేయండి.

నాలుగు వారాలు అన్నీ సరిగ్గా చేశాక కూడా నిమిషాలు సగానికి రాకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, లోతైన పరీక్షలు లేదా ప్రవర్తన నిపుణుడి గురించి అడగండి. ఆందోళన వల్ల నాకే కుక్కలకి ఫ్లుయోక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి మందులు రాస్తారు. అవి పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపకూడదు. ముసలి కుక్క కొత్తగా నాకడం మొదలుపెట్టి, రాత్రిళ్లు నిద్రపోకుండా తిరుగుతూ, తెలిసిన ఇంట్లోనే దారి తప్పుతుంటే నాలుగు వారాలు ఆగకండి. వయసుతో మెదడు మందగించడం వల్ల కావచ్చు, త్వరగా చూపిస్తే కొంత సాయం ఉంటుంది.

తగ్గాక అడ్డంకులన్నీ ఒకేసారి తీయకండి. వారానికి ఒకటి. ముందు సోఫా దుప్పటి, తర్వాత కుర్చీలు, ఆఖరున గేటు. “వదిలేయ్” మాత్రం వారానికి రెండుసార్లయినా ఆడిస్తూ ఉండండి. మా కుక్క ఇప్పటికీ రెండు నెలలకోసారి రాత్రి లేచి చెప్పుల స్టాండ్ వైపు వెళ్తుంది. అరవడం మానేశాను. మర్నాడు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, నిన్న దీనికి ఎవరు ఏం పెట్టారో చెప్పమంటాను. ప్రతిసారీ ఎవరో ఒకరు తల దించుకుంటారు.